ఊదారంగు స్క్రూ

డయల్ మీద కంపెనీ పేరు లేని వాచీ కొన్నానంటే ఇంట్లో అందరూ నవ్వారు. పేరుండాల్సిన చోట ఫ్రెంచిలో 'ఎకోల్ దోర్లోజెరీ' అని చిన్న అక్షరాలున్నాయి. వాచీల పని నేర్పే బడి అని అర్థం. దాని కింద ఊరి పేరు ఉండేది కాబోలు, చెరిగిపోయింది. స్విట్జర్లాండులో ఇలాంటి బళ్ళు చాలా పాతవి. జెనీవాలోది 1824లో, లా షో ద ఫాన్‌లోది 1865లో మొదలయ్యాయి. విద్యార్థి చేతికి పచ్చి మెషిన్ ఇస్తారు, అంటే మెరుగు పెట్టని, సరిచేయని భాగాలు. వాటిని ఆకురాయితో రుద్ది, నునుపు చేసి, కొన్ని భాగాలు తానే తయారుచేసుకుని, టైము చూపించే వాచీగా నిలబెట్టాలి. నాకు దొరికింది అలా ఎవరో కుర్రాడో అమ్మాయో చేసిన వాచీ.

కీ ఇస్తే నడిచేది, రెండు మూడు గంటలకు ఆగిపోయేది. పాత వాచీలకు ఇది మామూలే. లోపలి నూనె ఎండి జిగురైపోతుంది. నేను వాచీ మెకానిక్‌ని కాను, తీరిక దొరికితే విప్పి బిగించే రకం. మామూలు వాచీ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇలాంటిది మళ్ళీ దొరకదు. ఆ టెన్షన్‌తో రెండు నెలలు డబ్బాలోనే ఉంచాను.

చివరికి ధైర్యం చేసి వెనక మూత తీశాను. అటూ ఇటూ ఊగుతూ టైమును నడిపే బ్యాలెన్స్ చక్రం కింద ముద్ర చూస్తే యూనిటాస్ 6498. జేబు గడియారాల కోసం వచ్చిన మెషిన్, వెడల్పు 36.6 మిల్లీమీటర్లు. ఈ వాచీ చేతికి పళ్ళెంలా ఎందుకుందో అప్పుడర్థమైంది. భాగాలు పెద్దవి కాబట్టి నేర్చుకునేవాళ్ళకు అనువుగా ఉంటుంది. ఇప్పటికీ చాలా బళ్ళలో ఈ కుటుంబం మెషిన్లే వాడతారు.

కంటికి లూప్, అంటే చిన్న భూతద్దం, పెట్టుకుని చూడటం మొదలుపెడితే గంట గడిచిపోయింది. చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలకలైన బ్రిడ్జీల అంచులు ఏటవాలుగా చెక్కి అద్దంలా మెరిపించారు. అయితే బయటి అంచుల్లోనే ఆ మెరుపు. లోపలికి తిరిగే మూలల దగ్గర, పనిముట్టు సరిగ్గా ఆనని చోట, గీత వంకరపోయింది. అక్కడ విసుగొచ్చిందో, గడువు దగ్గరపడిందో. స్క్రూలన్నీ ముదురు నీలం. ఒక్కటి మాత్రం ఊదా రంగు.

విప్పేముందు స్ప్రింగులో మిగిలిన బిగువు వదిలించాలి. స్ప్రింగు వెనక్కి తిరగకుండా ఆపే క్లిక్కును పక్కకు నొక్కిపట్టి, కీ తిప్పే మరను వేళ్ళ మధ్య మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. అలా కాక ఒక్కసారిగా వదిలేస్తే లోపల ఏదో ఒకటి విరుగుతుంది. తర్వాత ముళ్ళు తీశాను. వాటి మీద రేడియం పూత లేకపోవడం నా అదృష్టం. ఆ పూత చీకట్లో వెలగడం మానేసినా దాని రేడియోధార్మికత సగానికి తగ్గాలంటే 1600 ఏళ్ళు పడుతుంది. దాన్ని గీకడం, ఆ పొడి పీల్చడం ఆటలు కాదు.

అంతా బాగానే సాగుతోందనుకుంటుండగా ఒక బ్రిడ్జి స్క్రూ పట్టకారు నుంచి ఎగిరిపోయింది. నీలం స్క్రూల్లో ఒకటి. నేలంతా అయస్కాంతం ఈడ్చాను. రెండు గుండుసూదులు, ఎప్పుడో పోయిన ఒక చెవిదిద్దు శీల దొరికాయి. స్క్రూ దొరకలేదు.

కడగడం, ఆరబెట్టడం, కొత్త నూనె పెట్టడం రెండు సాయంత్రాల పని. చక్రాల ఇరుసులకు మోబియస్ 9010 అనే వాచీల నూనె, చుక్కలో చుక్కంత. బ్యాలెన్స్ చక్రానికుండే సన్నని చుట్ల హెయిర్ స్ప్రింగుకు నూనె తగలకూడదు, తగిలితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ పరుగులు పెడుతుంది.

స్క్రూ కోసం అదే రకం పాడైన మెషిన్ ఒకటి సంపాదించాను. అందులోవి తెల్ల స్క్రూలు. నీలం నేనే తెప్పించాలి. అది రంగు పూయడం కాదు. నునుపు చేసిన ఉక్కును ఇత్తడి రజను మీద పెట్టి కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే, దాదాపు 230 డిగ్రీల దగ్గర గడ్డి పసుపు వస్తుంది, తర్వాత గోధుమ రంగు, 280 దగ్గర ఊదా, 300కి కాస్త ఇటుగా నీలం. దాటితే నీలం పాలిపోయి బూడిదరంగవుతుంది. మొదటిసారి వేలిముద్ర పడి మచ్చలొచ్చాయి. రుద్ది మళ్ళీ పెట్టాను. రెండోసారి చూస్తుండగానే నీలం వచ్చి వెళ్ళిపోయింది. ఊదాకూ నీలానికీ మధ్య దొరికేది కొన్ని క్షణాలే. ఊదా దగ్గరే మంట మీంచి స్క్రూ తీసేసిన ఆ విద్యార్థి చేతిని అప్పుడు గుర్తుచేసుకున్నాను. నాకూ మూడోసారి తొందరగా తీసేయాలనే అనిపించింది. తీయలేదు, మళ్ళీ దాటిపోయింది. నాలుగోసారికి ఓపిక లేక లేత నీలంతోనే సరిపెట్టుకున్నాను.

బిగించి, వాచీ టిక్కులు విని నడక కొలిచే టైమింగ్ మెషిన్ మీద పెడితే బ్యాలెన్స్ ఊపు 290 డిగ్రీలు చూపించింది. ఎగిరి గంతేశాను. కాసేపటికి చూసుకుంటే, ఊపు లెక్కకట్టడానికి ఆ పరికరంలో పెట్టాల్సిన లిఫ్ట్ యాంగిల్ అనే కోణం మామూలుగా ఉండే 52 దగ్గరే ఉంది. ఈ వాచీ మెషిన్‌కు 44 పెట్టాలి. మార్చగానే 245కి దిగింది. అంత వయసున్న వాచీకి అదీ తక్కువేం కాదు, కానీ ఆ మొదటి అంకె ఇచ్చిన సంతోషం మళ్ళీ రాలేదు.

వంకర మూలలను సరిచేస్తావా అని ఒక స్నేహితుడు అడిగాడు. అవి నావి కావు. ఊదా స్క్రూ దాని చోటే ఉంది. పక్కన నాది, కాస్త పాలిపోయి. వాచీ రోజుకు 12 సెకన్లు ముందుకు పోతోంది.