ఊహకీ ఊహాగానానికీ మధ్య పది రోజులు

అనువాదానికి వచ్చిన వ్యాసం ఆరు పేజీలే. బడి పిల్లలకి అంకెల మీద ఇష్టం కలిగించే రకం. రెండు రోజుల పని అనుకుని ఒప్పుకున్నాను, పది రోజులు పట్టింది. దానికి కారణం ఒకే ఒక్క మాట, కన్‌జెక్చర్. వ్యాసం మొత్తంలో 14 చోట్ల ఉంది.

కొత్త మాటేమీ కాదు. ‘ప్యూర్ కన్‌జెక్చర్’, ‘మియర్ కన్‌జెక్చర్’ అని ఇంగ్లీషు వార్తల్లో చూస్తూనే ఉంటాం. ఆధారం లేకుండా ఏదో అనేశారని కొట్టిపారేసేటప్పుడు వాడతారు. నా దగ్గరున్న నిఘంటువు తీస్తే ఊహ, అంచనా, అనుమానం అని మూడు మాటలు వరసగా ఉన్నాయి. వాటికి తేడా ఏమిటో మాత్రం లేదు. నిఘంటువులతో ఎప్పుడూ ఇదే గొడవ. మూడు జతల చెప్పులు ముందు పడేసి, ఏది పడుతుందో నువ్వే చూసుకో అంటాయి.

‘ఊహ’ అంటే మరీ పలచగా అనిపించింది. బరువుగా ఉంటుందని ‘ఊహాగానం’ వేశాను. గణితవేత్తల పేర్లతో గోల్డ్‌బాక్ ఊహాగానం, ఆయిలర్ ఊహాగానం, ఇలా పద్నాలుగు చోట్లా. పంపిన మర్నాడు పొద్దున్నే ఎడిటర్ గారు ఫోన్ చేశారు. ఆవిడ లెక్కల్లో ఎమ్మెస్సీ చేసిన మనిషి.

“ఏమండీ, మంత్రివర్గంలో మార్పుల మీద ఊహాగానాలు అంటారు చూడండి, అట్లా ఉంది. ఎవరో పనీపాటా లేనివాళ్లు ఆ సంఖ్యల గురించి గుసగుసలాడుకున్నట్టు.”

నవ్వొచ్చింది గానీ నిజమే. ఊహాగానం ఇంగ్లీషులో స్పెక్యులేషన్‌కి సరిపోతుంది. రేపు ఏం జరుగుతుందో, తెర వెనక ఏం నడుస్తోందో నలుగురూ నాలుగు రకాలుగా అనుకోవడం అది. అందులో చెప్పినవాడికి బాధ్యత ఉండదు.

అయితే బాధ్యత ఉన్న మాటే వేద్దామని రెండోసారి అన్నిచోట్లా ‘సిద్ధాంతం’ అని మార్చాను. ఈసారి ఫోన్ కూడా లేదు, మార్జిన్‌లో రెండే మాటలు: “నిరూపణ ఏదండీ?”

అక్కడ తెలిసింది నా అజ్ఞానం. గణితంలో నిరూపణ ఉంటేనే సిద్ధాంతం. అంతా నిజమనే నమ్ముతున్నా, ఎంతమంది ఎన్నిసార్లు సరిచూసినా, నిరూపణ లేనంతవరకు అది కన్‌జెక్చరే. 1742 జూన్ 7న క్రిస్టియన్ గోల్డ్‌బాక్ అనే ఆయన ఆయిలర్‌కి ఒక ఉత్తరం రాశాడు. దాన్నుంచి వచ్చి ఇవాళ మనం చెప్పుకునే రూపం ఇది: 2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యనీ రెండు ప్రధాన సంఖ్యల (1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోనివాటి) మొత్తంగా రాయొచ్చు. ఆయిలర్ అదే నెల 30న జవాబిస్తూ, ఇది కచ్చితంగా నిజమైన సిద్ధాంతమేనని అనుకుంటున్నాను గానీ నిరూపించలేను అన్నాడు. ఆయిలరే సిద్ధాంతం అన్నాక నాదేం తప్పని ఎడిటర్ గారితో వాదించాను. ఆవిడ ఒప్పుకోలేదు.

మూడో ప్రయత్నానికి ముందు, అసలు ఆ గోల్డ్‌బాక్‌కి ఎలా తోచిందో చూద్దామని కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. 4 అంటే 2 + 2. 6 అంటే 3 + 3. 8 అంటే 3 + 5. చకచకా సాగిపోయింది. 28కి రెండు రకాలు దొరికాయి, 5 + 23, 11 + 17. అరవై, డెబ్బై దాటేసరికి చెయ్యి దానంతటదే నడుస్తోంది. 98 దగ్గర ఆగిపోయింది. 3 తీసేస్తే 95, పనికిరాదు. 5 తీసేస్తే 93, మూడుతో పోతుంది. 7 తీసేస్తే 91, అది ప్రధాన సంఖ్యలా కనిపిస్తుంది గానీ 7 పదమూళ్లు. 11, 13, 17 కూడా అంతే. ఒక్క క్షణం గుండె ఝల్లుమంది, గోల్డ్‌బాక్‌ని నేనే పడగొట్టేశానా అని. 19 తీసేస్తే 79. హమ్మయ్య. ఆ తర్వాత 31 + 67, 37 + 61 కూడా దొరికాయి. 100కైతే ఏకంగా ఆరు రకాలున్నాయి.

ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడు నాకు కలిగిన నమ్మకం పేరే కన్‌జెక్చర్. గాలిలోంచి వచ్చింది కాదు, 4 నుంచి 100 దాకా చేత్తో పట్టి చూసింది. అలాగని 102 సంగతి చెప్పమంటే, సరిగ్గానే వస్తుందని నమ్మకమే తప్ప హామీ ఇవ్వలేను. నేను 100 దగ్గర ఆగితే, కంప్యూటర్లు 4 పక్కన 18 సున్నాలు పెట్టిన సంఖ్య దాకా వెళ్లి సరిచూశాయి. ఇప్పటికీ ఒక్కటీ తప్పలేదు, ఇప్పటికీ నిరూపణ లేదు.

అన్ని చూశాక ఇంకా అనుమానమెందుకు అనిపించొచ్చు. దానికి జవాబు వ్యాసంలోనే ఉంది, అదీ ఆయిలర్ ఖాతాలోనే. 1769లో ఆయన వెలిబుచ్చిన ఊహ ప్రకారం కొన్ని అయిదో ఘాతాలు (ఒకే సంఖ్యని అయిదుసార్లు వేసి గుణిస్తే వచ్చేవి) కలిపి మరో అయిదో ఘాతం రావాలంటే కనీసం అయిదు సంఖ్యలు కావాలి. దాదాపు 200 ఏళ్లు అది నిలబడింది. 1966లో ల్యాండర్, పార్కిన్ అనే ఇద్దరు కంప్యూటర్‌తో వెతికి నాలుగే చాలని చూపించారు. 27, 84, 110, 133. వీటి అయిదో ఘాతాలు కలిపితే 144 అయిదో ఘాతం వస్తుంది. నమ్మకం కుదరక నేనూ కాలిక్యులేటర్‌లో వేశాను. రెండు వైపులా 61,917,364,224.

ఇక మాట పుట్టుక సంగతి. లాటిన్‌లో దీని వేరు ‘విసరడం’. రిజెక్ట్, ఇంజెక్ట్, ప్రాజెక్ట్ అన్నిటిలోనూ ఉన్న ‘జెక్ట్’ అదే. రిజెక్ట్ అంటే వెనక్కి విసరడం, ఇంజెక్ట్ అంటే లోపలికి. కన్‌జెక్చర్ అంటే ఒక్కచోటికి విసరడం, అంటే దొరికిన ముక్కలన్నీ ఒక్కచోట వేసి చూడటం. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో శకునాలకీ కలలకీ అర్థం చెప్పడాన్ని కూడా ఇలాగే అనేవారు. చీకట్లో రాయి వేయడం కాదన్నమాట. ముక్కలు ఉండాలి, వాటి మధ్య ఖాళీ కూడా ఉండాలి. రెండిట్లో ఏది లేకపోయినా ఆ మాట అతకదు.

ఈ తేడా తెలియక ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక పని ఎన్నాళ్లు పడుతుందని ఇంగ్లీషులో అడిగితే, ‘ఎస్టిమేట్’ అంటే మామూలుగా ఉంటుందని, కాస్త గొప్పగా ‘మై కన్‌జెక్చర్ ఈజ్ త్రీ వీక్స్’ అని మెయిల్ పెట్టాను. తెలిశాకే చెప్పండి అని జవాబొచ్చింది. పని వేరేవాళ్లకి పోయింది. లెక్క కట్టి చెప్పేది ఎస్టిమేట్, మన అంచనా. లెక్క సగం, ధైర్యం సగం అయితే గెస్టిమేట్, 1930లలో అమెరికాలో అంటించిన జంటమాట. మన ఉజ్జాయింపు దానికి చక్కగా సరిపోతుంది. లెక్కే లేకుండా వేసేది కాకిలెక్క, దానికి ఇంగ్లీషులో అంత మంచి మాట నాకు తగల్లేదు. తేదీలకీ డబ్బుకీ కన్‌జెక్చర్ వాడితే, నాకు తెలీదని ఒప్పుకున్నట్టే. వాడుకలో ఇంకో సంగతి, అది నామవాచకమూ క్రియా రెండూ. ‘హి కన్‌జెక్చర్డ్ దట్’ అని నేరుగా అనొచ్చు. అయితే ఇంట్లో, తలుపు కొట్టింది ఎవరో చెప్పుకో చూద్దాం అనేచోట మాత్రం ‘గెస్’ తప్ప ఇది నప్పదు.

మూడోసారి ‘పరికల్పన’ అనుకున్నాను. దాన్ని ఇప్పటికే హైపోథిసిస్‌కి వాడుతున్నారు. ‘అనుమానం’ వేస్తే గోల్డ్‌బాక్ ఎవరినో శంకిస్తున్నట్టుంది. కానీ ఆ మాట దగ్గర కాసేపు ఆగాను. న్యాయ దర్శనంలో (కోర్టు న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రం) ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు, అంటే నిజం తెలుసుకునే దారులు. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉందని తేల్చడం అక్కడ అనుమానం, సాక్షాత్తూ ప్రమాణం. మన నోట్లో పడి అది శంక అయిపోయింది. ఊహాపోహలదీ అదే కథ. ఒక విషయాన్ని అటూ ఇటూ తర్కించి చూడటం సంస్కృతంలో దాని అర్థం, మనకేమో పుకార్లకి చుట్టం. ఇలా వెతుకుతుంటే అదే న్యాయసూత్రాల్లో తర్కానికి ఇచ్చిన నిర్వచనం కనబడింది. తత్త్వం ఇంకా తెలియని విషయంలో, దాన్ని తెలుసుకోవడం కోసం కారణాలను బట్టి చేసే ఊహ తర్కం అని. పైగా నైయాయికులు, అంటే ఆ న్యాయ దర్శనం వాళ్లు, తర్కాన్ని ప్రమాణాల్లో లెక్కపెట్టరు, ప్రమాణానికి సాయం చేసేదిగానే చూస్తారు. ఇంతకంటే కన్‌జెక్చర్‌కి ఏం కావాలి? పలచగా ఉందని మొదటిరోజే పక్కన పడేసిన మాట!

ఊహ అని ఖాయం చేసుకున్నాక కూడా పద్నాలుగు చోట్లా ఊహ పెట్టలేదు. ఇంగ్లీషులో నామవాచకం మోసే బరువు మన దగ్గర క్రియ చివర్న ఉంటుంది. గుమ్మం ముందు చెప్పులు చూసి ‘వచ్చినట్టుంది’ అంటాం. వేళ చూసుకుని ‘వచ్చుంటాడు’ అంటాం. ఏ సంగతీ తేలకపోతే ‘వచ్చాడేమో’, సగం తేలితే ‘వచ్చాడు కాబోలు’. అందుకని పేర్లున్న చోట మాత్రం గోల్డ్‌బాక్ ఊహ, ఆయిలర్ ఊహ అని ఉంచి, మిగతా చోట్ల ‘నిజమై ఉంటుందని ఆయన ఊహించాడు’, ‘ఇలాగే సాగుతుందేమో’ అని విడగొట్టాను. చదువుతుంటే మొదటిసారి తెలుగులా వినిపించింది.

కోర్టు కాగితాలు అనువదించే స్నేహితురాలికి ఇదంతా చెబితే, ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. తీర్పుల్లో ‘సర్‌మైజెస్ అండ్ కన్‌జెక్చర్స్’ అని జంటగా వస్తుంది, నేను ఊహాపోహలు అని రాసి ముందుకెళ్లిపోతాను, నువ్వేంటి పది రోజులు కూర్చున్నావు అని. అక్కడ ఆమెదే రైటు. ఖాళీ ఉన్న కేసు కోర్టులో నిలబడదు, కాబట్టి జడ్జి నోట ఆ మాట తిట్టే. లెక్కల మాస్టారి నోట అది పిల్లలకి ఇచ్చే హోంవర్కు.

ఎడిటర్ గారు ఈసారి ఒక్కచోట తప్ప అన్నీ ఒప్పుకున్నారు. ఆ ఒక్కటి ఫ్రెంచి గణితవేత్త ప్వాంకరే పేరిట ఉన్న ప్వాంకరే ఊహ. 1904 నాటిది, 2002–03లో గ్రిగోరీ పెరెల్మాన్ నిరూపించేశాడు. 2010లో ఇస్తామన్న పది లక్షల డాలర్ల బహుమతి కూడా వద్దన్నాడు. నిరూపణ అయినా ఇంగ్లీషులో ఇప్పటికీ కన్‌జెక్చర్ అనే పిలుస్తారు. “నిరూపించాక ఊహేమిటి, పిల్లలు అడగరా?” అన్నారు ఆవిడ. పేరు మార్చే హక్కు మనకి లేదన్నాను. చివరికి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వేశాం: పేరులోనే ఊహ, నిజానికి ఇది ఇప్పుడు సిద్ధాంతం.