మోవర్ అడుగున పేరుకున్న గడ్డి

మెల్‌బోర్న్‌లో అక్టోబరు, నవంబరు నెలలు వసంతకాలం. వానా ఎండా ఒకదాని వెంట ఒకటి రావడంతో పచ్చిక వారం తిరిగేసరికి మళ్లీ ఏపుగా పెరుగుతుంది. ఇంటింటికీ తిరిగి పచ్చిక కోసే మాకు ఆ రోజుల్లో తడి ఆరేదాకా ఆగే వీలుండదు. అలా కోసిన పచ్చిగడ్డి కొంత సంచిలో పడకుండా మోవర్ డెక్ అడుగున, అంటే కోత యంత్రంలో బ్లేడును పైనుంచి కప్పి ఉంచే గుల్ల లోపల, అంటుకుంటుంది. ఏ రోజు గడ్డిని ఆ రోజే గీకి తీయడం ఈ వృత్తిలో సగం పని అని నా నమ్మకం.

డెక్ లోపలి ఖాళీయే ఈ యంత్రానికి ప్రాణం. బ్లేడు వేగంగా తిరిగేటప్పుడు అక్కడ పుట్టే గాలి వాలిన గడ్డిని లేపి నిలబెడుతుంది, తెగిన గడ్డిని వెనుక సంచిలోకి తోస్తుంది. అడుగున గడ్డి పేరుకుని ఆ ఖాళీ ఇరుకైతే కోత ఎగుడుదిగుడుగా పడుతుంది, సంచి నిండకుండానే దారి పూడుకుపోతుంది, కోసిన చోటల్లా తడి ముద్దలు రాలుతాయి. పచ్చిగడ్డిలో ముప్పావు వంతు నీరే కాబట్టి ఆ తేమ ఇనుప డెక్‌ను నెమ్మదిగా తుప్పు పట్టిస్తుంది. నాలుగు రోజులు వదిలేసిన డెక్‌ను తిరగేసి చూస్తే, అలుకు మీద అలుకు వేసినట్టు పైన ఆకుపచ్చగా, లోపల నల్లగా, పులిసిన వాసనతో పొరలు పొరలుగా కనిపిస్తుంది.

గీకబోయే ముందు ఇంజను చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్ వైరు తప్పకుండా ఊడదీయాలి; బ్లేడును చేత్తో తిప్పినా ఇంజను అంటుకునే ప్రమాదం ఉంది, అప్పుడు వేళ్లు దక్కవు. ఫోర్‌స్ట్రోక్ యంత్రమైతే, అంటే పెట్రోలులో కలపకుండా ఆయిల్ విడిగా పోసేదైతే, ఎయిర్ ఫిల్టర్ పైవైపు ఉండేలా వంచాలి, లేకపోతే ఇంజనులోని ఆయిల్ ఆ ఫిల్టర్‌లోకి దిగి, మర్నాడు స్టార్ట్ చేయగానే పొగ కమ్ముతుంది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడే వంచడం మేలు. మందపాటి చేతి తొడుగులు వేసుకుని, ప్లాస్టిక్ గరిటెతోనో చెక్కపేడుతోనో అంచుల నుంచి లోపలికి గీకితే పెయింటు చెడదు. ప్రెషర్ వాషర్‌తో కొడితే తొందరగా అవుతుంది కానీ, ఆ నీరు బేరింగుల్లోకి చేరుతుంది కనుక నేను దాని జోలికి పోను.

ఒక ఇంటి గడ్డి మరో ఇంటికి చేరకూడదన్నది ఇంకో కారణం. ఇక్కడివాళ్లు కౌచ్ అని పిలిచే గడ్డి మనం వినాయకుడి పూజకు కోసుకొచ్చే గరికే. దాని తీగ ముక్క ఒకటి తడి నేలలో పడినా కణుపు దగ్గర వేరు వేసుకుంటుంది. ఎంతో ఇష్టంగా పెంచుకున్న పూలమడిలో మన డెక్ నుంచి రాలిన గరిక మొలిస్తే ఆ ఇంటివారికి అది ఏళ్ల తరబడి చాకిరీ.

ఇంత అవసరమైన పనిని కొందరు యజమానులు గంటల లెక్కలో చేర్చరు. చివరి ఇల్లు పూర్తికాగానే పని అయిపోయిందంటారు, మోవర్ మాత్రం శుభ్రంగా అప్పగించాలంటారు. యజమాని చేయించుకున్న పనికి, అది శుభ్రపరచడమైనా సరే, వేతనం ఇవ్వాలన్నది ఇక్కడి చట్టం. ఏ వీసా మీద ఉన్నవారైనా ఉద్యోగుల వేతనాలు, హక్కుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ సాయం అడగవచ్చు. చదువుకుంటూ ఈ పనికి వచ్చే తమ్ముళ్లు గీకడం మొదలుపెట్టిన వేళను, ముగించిన వేళను ఏ రోజుకారోజు రాసి పెట్టుకోవాలి, వారం చివర లెక్క ఇచ్చేటప్పుడు ఆ నిమిషాలను కూడా కలిపి అడగాలి.