పుల్లైసు గంట

సీలు వేసిన కవరు విప్పకూడదని నాకు అప్పటికి తెలియదు. మా నాయన తెల్లవారుజామునే కావలిలో రైలెక్కి, గూడూరు మీదుగా తిరుపతి పోయి, యూనివర్సిటీలో నా ఎం.ఏ. సైకాలజీ మార్కుల పత్రాలు తీసుకుని అమెరికాకు పంపించాడు. కవరు అంచు మీద గుండ్రటి నీలం ముద్ర. నా చదువు మళ్ళీ నా చేతికొచ్చిందన్న సంతోషంలో చింపేశాను. సర్టిఫికెట్లు పరిశీలించి అమెరికా చదువుతో సమానమా కాదా చెప్పేవాళ్ళు ఒప్పుకోలేదు. యూనివర్సిటీ మూసిన కవరు మూసినట్టే తమకు చేరాలన్నారు.

నాయనకు ఆ మాట చెప్పడానికి రెండు రోజులు నోరు రాలేదు. "దానికి ఏడుస్తారామ్మా? సోమవారం మళ్ళీ పోయొస్తాలే" అన్నాడు. మోకాళ్ళ నొప్పులతోనే పోయొచ్చాడు.

నేను 2009లో హెచ్-4 వీసా మీద కాలిఫోర్నియా వచ్చాను. అది హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా. అప్పట్లో దాని మీద ఉద్యోగం చేయకూడదు. ఆరేళ్ళు ఇంట్లోనే. 2015 మే 26 నుంచి మాలాంటి కొందరి దగ్గర వర్క్ పర్మిట్ దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. మావారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 అనే దరఖాస్తు అప్పటికే ఆమోదం పొందింది కాబట్టి నాకూ వచ్చింది.

ఇక్కడ కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ చదువు. ఎంట్రన్స్ ఉండదు, ఫీజు తక్కువ, తర్వాత యూనివర్సిటీకి మారొచ్చు. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 ఉన్నాయి. పీహెచ్‌డీ లేనిదే కాలేజీలో పాఠం చెప్పనివ్వరని అన్నేళ్ళూ నమ్మాను. నిజానికి సైకాలజీలో మాస్టర్స్ చాలు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే ఆ కవరు కోసం నాయన్ని ఎప్పుడో అడిగేదాన్ని.

మొదటి ఇంటర్వ్యూలో పాఠం చెప్పి చూపించమన్నారు. చప్పుడు వినిపించి తిండి పెడుతూ పోతే చివరికి చప్పుడుకే కుక్కకు నోరూరుతుందని చూపించిన రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ గురించి, ఆ కుక్క గురించి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. ఉద్యోగం రాలేదు. రెండో చోట కుక్కను పక్కనపెట్టి మా వీధిలోకి వచ్చే పుల్లైసు బండి గురించి చెప్పాను. మొదట్లో ఆ గంట ఒట్టి చప్పుడే. గంట మోగాక ఐసు, గంట మోగాక ఐసు, ఇలా కొన్నాళ్ళు గడిచాక గంట వింటేనే నోట్లో నీళ్ళూరతాయి. డబ్బాలో ఐసు అయిపోయినా గంట కొడుతూనే తిరిగితే? కొన్నాళ్ళకు ఆ నీళ్ళూరడమూ ఆగిపోతుంది. పావ్లోవ్ చెప్పింది ఇదే. పార్ట్‌టైమ్ ఉద్యోగం వచ్చింది.

ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలను జిల్లాల వారీగా ఒక్కో బోర్డు నడుపుతుంది. పార్ట్‌టైమ్ వాళ్ళకు అలాంటి ఒక జిల్లా కాలేజీల్లో ఫుల్‌టైమ్ పనిలో 67 శాతానికి మించి క్లాసులు ఇవ్వరు. అందుకని వేరే జిల్లాలో ఇంకో కాలేజీ కూడా పట్టుకుని రెండింటికీ కారులో తిరిగాను. సెలవుల్లో జీతం లేదు. టెన్షన్ పడని నెల లేదు.

కానీ ఆ క్లాసు! వియత్నాం, ఆఫ్ఘనిస్తాన్, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే తల్లులు. నా ఇంగ్లీషు యాస వాళ్ళకు అడ్డు కాలేదు. వాళ్ళలో చాలామందికీ ఇంట్లో భాష వేరే. పుల్లైసు గంట కథ చెప్పగానే వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మా వీధిలో పలేతా బండికీ గంటలుంటాయి ప్రొఫెసర్. ఇప్పుడే నోరూరుతోంది" అంది. పలేతా అంటే వాళ్ళ పుల్లైసే.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఆ బండాయన పోయాడమ్మా. ఇప్పుడు కొడుకు వస్తుండాడు. గంట మాత్రం అదే."