స్టిర్లింగ్ ఇంజన్ లాగ్: వేడెక్కాక ఎందుకు ఆగిపోతోంది?

లోపల మూసి ఉంచిన గాలిని ఒక వైపు వేడిచేస్తూ, ఇంకో వైపు చల్లారుస్తూ నడిచే చిన్న స్టిర్లింగ్ ఇంజన్ ఒకటి చేశాను. ఇంజన్ తిరుగుతోంది. కానీ రెండు నిమిషాలు కాగానే నీరసించి ఆగిపోతోంది. స్పిరిట్ దీపం అలాగే ఉంచి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పితే నాలుగైదు చుట్లు తిరిగి మళ్లీ ఆగుతుంది. పూర్తిగా చల్లారనిస్తే మాత్రం మళ్లీ వేడిచేయగానే మొదటి తిప్పుకే అందుకుంటుంది.

ముందు కొలతలు. వేడి గొట్టం 25 × 100 మి.మీ. బోరోసిలికేట్ టెస్ట్ ట్యూబ్. లోపలి గాలిని వేడి వైపుకీ చల్లటి వైపుకీ మార్చి మార్చి నెట్టే డిస్‌ప్లేసర్‌ని కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో చుట్టాను: 20 మి.మీ. వ్యాసం, 62 మి.మీ. పొడవు, గాజుకీ దానికీ మధ్య చుట్టూ ఒక మిల్లీమీటరు సందు. దాని కడ్డీ సైకిల్ స్పోక్. ట్యూబ్ మూతికి రబ్బరు బిరడా, అందులో ఆటోనగర్‌లో లేత్ మీద చేయించిన ఇత్తడి బుష్ (కడ్డీ జారే గొట్టం). గాలి ఒత్తిడికి కదిలి ఫ్లైవీల్‌ని తిప్పే పవర్ పిస్టన్ 10 మి.లీ. గాజు సిరంజి. డిస్‌ప్లేసర్, పిస్టన్ రెండింటి స్ట్రోకూ (ఒక కొస నుంచి ఇంకో కొసకి కదిలే దూరం) 20 మి.మీ. ఫ్లైవీల్‌కి పాత హార్డ్ డిస్కులోని పళ్లేలు రెండు. అద్దంలా మెరుస్తూ, ఏ మాత్రం వంకర లేకుండా తిరుగుతాయి, ఖర్చు సున్నా.

ఎవరిని అడిగినా మొదట చెప్పేది రాపిడి గురించే. నిజమే, ఇంత చిన్న ఇంజన్‌లో రాపిడిని అశ్రద్ధ చేయకూడదు. ఫ్లైవీల్ ఇరుసుకి వేసిన 608 రకం బేరింగులు గ్రీజు నింపి వస్తాయి. ఆ గ్రీజుని తోసే బలం దీనికి లేదు. సూదితో పక్కమూతలు తీసేసి, పెట్రోల్లో కడిగి, ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేశాను. కడ్డీలన్నీ ఊడదీసి ఫ్లైవీల్ ఒక్కదాన్నే తిప్పితే ఇప్పుడు నిమిషం పైన తిరుగుతోంది. గాజు సిరంజికి మాత్రం నూనె వద్దు. ఆ పల్చటి పొరే జిగురులా పట్టేస్తుంది. స్పిరిట్‌తో తుడిచి పొడిగా వాడాలి.

లీకు చూడటం తేలిక. సిరంజిని క్రాంకు (ముందూవెనకా కదలికని చుట్టుగా మార్చే చేయి) నుంచి విడదీసి, మూతి కిందికి ఉండేలా నిలబెట్టి, ప్లంజర్ పైకి లాగి, సిరంజికి తగిలించిన పైపు చివర వేలితో మూయాలి. ప్లంజర్ తన బరువుకి మెల్లగా, చాలా మెల్లగా దిగితే బాగున్నట్టే. నాది అలాగే దిగింది. స్పోక్ బుష్ దగ్గర సబ్బునీళ్లు రాస్తే చిన్న బుడగలు వచ్చాయి; ఒక చుక్క పల్చటి నూనెతో ఆగాయి. క్రాంకుల మధ్య కోణం 90 డిగ్రీలు, డిస్‌ప్లేసర్ ముందు నడుస్తోంది. అదీ సరే.

తర్వాత లెక్క తీసింది ట్యూబ్‌నీ సిరంజినీ కలిపే సిలికాన్ పైపు మీద. లోపలి వ్యాసం 4 మి.మీ., పొడవు 15 సెం.మీ. అంటే దాదాపు 1.9 సీసీ. సిరంజి ఒక స్ట్రోకులో తోసేది 3.8 సీసీ. అందులో సగమంత గాలి పనీపాటా లేకుండా పైపులో కూర్చుంటోందన్నమాట. సిరంజిని దగ్గరికి జరిపి పైపుని 4 సెం.మీ.కి కోశాను. మొదలయ్యేటప్పుడు స్పీడు పెరిగింది. ఆగిపోవడం మాత్రం ఆగలేదు.

రాపిడో లీకో అయితే చల్లగా ఉన్నప్పుడూ ఇబ్బంది పెట్టాలి కదా. అందుకని ఇంజన్ నీరసిస్తున్న సమయానికి తడిగుడ్డ ఒకటి బిరడా వైపు ట్యూబ్‌కి చుట్టాను. మూడు నాలుగు సెకన్లలో మళ్లీ ఊపందుకుంది. గుడ్డ తీస్తే కాసేపటికి మళ్లీ అదే కథ.

విషయం ఇది: గాజుకి వేడిని మోసే గుణం తక్కువ. వేడి వైపు నుంచి చల్లటి వైపుకి వేడి పాకదని మనం దాన్ని ఎంచుకుంటాం, మంచిదే. కానీ లోపలి గాలి ప్రతి చుట్టులోనూ కొంత వేడిని చల్లటి వైపు వదిలేయాలి. అక్కడ ఉన్నది గాజు, రబ్బరు. రెండూ వేడిని బయటికి పోనివ్వవు. చివరికి రెండు వైపులా వేడే. తేడా లేకపోతే ఇంజన్‌కి పని లేదు. 1816లో రాబర్ట్ స్టిర్లింగ్ తీసుకున్న పేటెంట్‌లో అసలు గొప్పతనమంతా ఎకనమైజర్‌ది. వెళ్లే గాలి దగ్గర వేడి దాచి, వచ్చే గాలికి తిరిగి ఇచ్చే ఏర్పాటు అది. నా ఇంజన్‌లో డిస్‌ప్లేసర్ పక్కనున్న ఆ మిల్లీమీటరు సందే కాస్తో కూస్తో ఆ పని చేస్తుంది. అయినా మిగిలిన వేడి ఎటో ఒక వైపు పోవాల్సిందే.

ఫ్యాన్ వేస్తే చల్లబడుతుంది కదా అనొచ్చు. ఫ్యాన్ వేస్తే దీపం నిలవదు. ఆపితే మే నెల విజయవాడలో మనిషి నిలవడు.

రబ్బరు తీసేసి అల్యూమినియం బిరడా చేయించాను. ట్యూబ్‌లోకి వెళ్లే భాగానికి గాడి కోసి ఓ-రింగు (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం), బయట ఐదు రెక్కలు, మధ్యలో అదే ఇత్తడి బుష్. వేడిని మోయడంలో అల్యూమినియం గాజుకి వంద రెట్లకు పైమాటే. ఓ-రింగు మరీ బిగుతుగా ఉంటే ట్యూబ్ మూతి పగులుతుంది. తడి వేలితో తోస్తే వెళ్లేంత ఉంటే చాలు.

స్పీడు కొలవడానికి ఫోన్లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ వాడుతున్నా. పళ్లెం మీద మార్కర్ చుక్క పెట్టి, ఒక చుట్టుకి ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టి, 14,400ని దానితో భాగిస్తే ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో. రబ్బరు బిరడాతో 36 ఫ్రేములతో మొదలై, అంటే 400, ఆగే ముందు 80 దాకా పోయేది. ఇప్పుడు 30, అంటే 480. స్పిరిట్ అయిపోయేదాకా 34 దాటలేదు.

ఒక జాగ్రత్త: పగటి వెలుతురులో స్పిరిట్ మంట సరిగా కనపడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిట్ పోయకండి. దీపం చుట్టూ మూడు వైపులా రేకు అడ్డం పెడితే మంట కదలదు, మనకీ గుర్తుంటుంది.

తడిగుడ్డ వేస్తే ఇప్పటికీ 27 ఫ్రేములకి దిగుతోంది. అంటే రెక్కలు ఇంకా చాలట్లేదు. ఈసారి పెద్దవి, పల్చటివి కోయించాలి. ఆపైన 450 దాటాక బుష్ దగ్గర టకటక మొదలవుతోంది. స్పోక్ మధ్యలో మెరుపు గీత ఒక పక్కనే పడింది కాబట్టి కడ్డీ కాస్త పక్కకి లాగుతున్నట్టుంది. క్రాంకు వైపు పిన్ను దగ్గర ఒక వాషర్ తీసి చూస్తా.