మంచు దిగివచ్చే దారిలో

2022 ఏప్రిల్ మొదటి వారంలో నేను కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి 50వ నంబరు రహదారి మీదుగా సియెర్రా నెవాడా కొండలు ఎక్కాను. ఆ రాష్ట్రం వాడుకునే నీటిలో దాదాపు 30 శాతం ఈ కొండల మంచు నుంచే వస్తుంది కనుక, ఆ మంచును కళ్లారా చూసి, అది కరిగి చేరవలసిన మైదానం దాకా వెళ్లాలన్నది నా సంకల్పం. పైకి వెళ్లేకొద్దీ మైళ్ల తరబడి పైన్ చెట్లు మాడిన మోడులై కనిపించాయి. అంతకు ముందు ఏడాది ఆగస్టులో రేగిన కాల్డోర్ కార్చిచ్చు 2,20,000 ఎకరాలకు పైగా దహించింది.

ఫిలిప్స్ స్టేషన్ దాదాపు 6,800 అడుగుల ఎత్తున ఉన్న ఒక పచ్చికబయలు. 1941 నుంచి అక్కడ మంచును కొలుస్తున్నారు. బోలు గొట్టాన్ని నేల తగిలేదాకా మంచులో దించి, పైకి తీసి తూచి, ఆ బరువును బట్టి అందులో ఎంత నీరున్నదో లెక్కగడతారు. గత శతాబ్దం తొలి ఏళ్లలో ఈ పద్ధతిని రూపొందించిన జేమ్స్ చర్చ్ నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ బోధించిన ఆచార్యుడు కావడం నాకు ఎంతో ఆసక్తి కలిగించింది.

2021 డిసెంబరు 30న ఆ బయలులో మంచు 78.5 అంగుళాల లోతున ఉంది. ఆపైన జనవరి నుంచి మార్చి దాకా కాలిఫోర్నియాలో అంతకు మునుపెన్నడూ నమోదు కానంత పొడి వాతావరణం నెలకొనడంతో, ఏటా మంచు నిండుగా ఉండవలసిన ఏప్రిల్ 1 నాటికి అక్కడ మిగిలింది 2.5 అంగుళాలు, కరిగిస్తే ఒక్క అంగుళం నీరు, సగటులో 4 శాతం. రాష్ట్రమంతటా చూసినా సగటులో 38 శాతమే. నేను చేరేసరికి చెట్ల నీడన మట్టి పట్టిన మంచు తునకలు తప్ప తక్కినదంతా వాడిన గడ్డి. వంగి ఆ నేలను తాకినప్పుడు, నిరుటి వసంతంలో జరిగింది గుర్తుకువచ్చింది: ఏళ్ల కరవుకు బీటలువారిన కొండనేల కరిగిన మంచును తానే తాగేసింది, జలాశయాలకు అంచనా వేసినంత నీరు చేరలేదు. ఆ ఆగస్టులోనే ఓరోవిల్ ఆనకట్ట దగ్గరి జలవిద్యుత్ కేంద్రం, నీరు చాలక, మొట్టమొదటిసారి ఆగిపోయింది.

మర్నాడు 99వ నంబరు రహదారి మీద దక్షిణంగా సాగి, ఆ మైదానంలోకి, అంటే మధ్య లోయ (సెంట్రల్ వ్యాలీ) లోకి దిగాను. కొండ మీద మంచు తగ్గిన ఏడాది ఇక్కడి తోటల యజమానులు బోర్లను నమ్ముకుంటారు. ఇలా దశాబ్దాల తరబడి తోడగా తోడగా మెండోటా సమీపాన 1925, 1977 మధ్య నేల సుమారు 9 మీటర్లు కుంగింది. తోడకాన్ని అదుపు చేసేందుకు 2014లో చట్టం వచ్చినా, తోడే నీటికీ నేలలో ఇంకే నీటికీ మధ్య సమతౌల్యం సాధించడానికి 2040 ప్రాంతం దాకా గడువు ఉంది. బోరు ఎండిన ఇంటికి ఆ గడువు చాలా దూరం.

తులారే కౌంటీలో అటువంటి ఇల్లు ఒకటి చూశాను. చుట్టూ బాదం తోటలు, వాటి లోతైన బోర్లు. ఇంటి బోరు మాత్రం తక్కువ లోతుది, అందుకే ముందుగా ఎండిపోయింది. పెరట్లో ఒక నల్లని ట్యాంకు, దాన్ని నింపడానికి లారీ. తాగే నీరు సీసాల్లో విడిగా వస్తుంది. అంట్లు కడిగిన నీటిని ఆ ఇల్లాలు నిమ్మచెట్టుకు పోస్తున్నారు. ఉదయం నేను బస చేసిన చోట కుళాయి తిప్పి పెట్టి నిలబడ్డ క్షణాలు తలచుకుంటే మనసు చివుక్కుమంది.

ట్యాంకులో ఎంత మిగిలిందని అడిగాను. ఆమె వేలి కణుపులతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చారు. మోకాళ్ల ఎత్తు దాటాక గానీ చప్పుడు మారలేదు. అక్కడే అరచేయి ఆనించి, లారీ రావడానికి ఇంకా మూడు రోజులున్నదని చెప్పారు.