గూటిలో తడి, గుడ్డులో తడి

కోళ్ళు పెంచడం మొదలుపెట్టిన తొలి శీతాకాలంలో, చలిగాలి తిరిగిన రోజు సాయంత్రం, నేను గూటికి ఉన్న ప్రతి సందునూ గోనెపట్టాలతో మూసేసి, ఇక వీటికి వెచ్చగా ఉంటుందన్న తృప్తితో నిద్రపోయాను. తెల్లవారి తలుపు తీయగానే లోపలి ఘాటుకు కళ్ళు మండాయి. పైకప్పు రేకు లోపలి వైపంతా నీటిబొట్లు కట్టి ఉన్నాయి. అవి ఒక్కొక్కటిగా జారి, దండెం మీద ముడుచుకుని కూర్చున్న పెట్టల వీపుల మీద పడుతున్నాయి. రేకు మీద వేలు పెట్టి గీస్తే నీరు మణికట్టు దాకా కారింది. కొద్దిరోజులకే పుంజు తురాయి కొనలు నల్లబడ్డాయి. ఆ తడి ఎక్కడి నుంచి వచ్చిందో సరిగా అర్థం చేసుకోవడానికి నాకు ఆ కాలమంతా పట్టింది. అర్థమయ్యాక మాత్రం గూడు కట్టే తీరూ, ఆ తరువాత గుడ్లు పొదిగించే తీరూ రెండూ మారిపోయాయి.

కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. ఈకలు పొంగించి వాటి మధ్య గాలిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి, ఎదిగిన కోడి పొడిగా ఉన్నంతవరకు మనం ఊహించేదానికన్నా చాలా ఎక్కువ చలిని ఓర్చుకుంటుంది. ఆ ఈకలు తడిస్తే మధ్యలో గాలి నిలవదు, అప్పుడు కొద్దిపాటి చలి కూడా దానికి భారమే. తడికి మూలం బయటి వాన ఒక్కటే అనుకోవడం నా పొరపాటు. రాత్రంతా అవి వదిలే ఊపిరిలో ఆవిరి ఉంటుంది. రెట్టలో నాలుగింట మూడు వంతులు నీరే ఉంటుంది. తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా లేచి కళ్ళనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది. అందుకే ఇప్పుడు మా గూటికి పైకప్పు దిగువన, కోళ్ళ తలల కన్నా బాగా ఎత్తులో, రెండు వైపులా జానెడు వెడల్పు సందులు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. వాటికి గట్టి ఇనుప వల బిగించాను. దండెం ఎత్తులో మాత్రం గాలి నేరుగా తగలకుండా పలకలు కొట్టాను. వెచ్చని తేమగాలి పైకి లేచి బయటికి పోవాలి, చలిగాలి మాత్రం కూర్చున్న కోడి ఈకలను విడదీయకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదిరితే శీతాకాలం సగం గడిచినట్టే.

దండెం గుండ్రని సన్న కర్రగా ఉండటం కన్నా నాలుగు వేళ్ళ వెడల్పున్న చదునైన చెక్కగా ఉండటం మేలు. అలాంటి దాని మీద కోడి కాలివేళ్ళు చాచి కూర్చుని, పొట్ట ఈకలతో వాటిని పూర్తిగా కప్పుకుంటుంది. నేల మీద జానెడు మందంలో ఊక గానీ ఎండుగడ్డి గానీ పరిచి, పైన తడి కనిపించినప్పుడల్లా తిరగేసి, కొత్తది చల్లుతాను. పిడికెడు తీసి పిండితే ముద్దగా నిలిచిందంటే అది మార్చాల్సిన పరుపు. విడిపోయి రాలిందంటే ఇంకా బాగున్నట్టు. గూటిలో బల్బు వేలాడదీసి వేడి చేయమని చాలామంది సలహా ఇచ్చారు. ఎండుగడ్డి, దుమ్ము, రెక్కలు కొట్టుకునే పక్షులు ఉన్నచోట వేడి బల్బు వల్ల మంటలు లేచే ప్రమాదం ఉంది కాబట్టి, ఎదిగిన కోళ్ళకు నేను ఎన్నడూ పెట్టలేదు.

బాతుల సంగతి వేరు. చలిని తట్టుకోవడంలో అవి కోళ్ళకన్నా ఎన్నో మెట్లు పైన ఉంటాయి. ఒంటికి అంటిపెట్టుకున్న మెత్తని నూగు, దాని మీద నూనె పూసుకున్న ఈకల కవచం ఒక రక్షణ. కాళ్ళలోకి దిగే వెచ్చని రక్తనాళాలూ, పాదాల నుంచి చల్లబడి పైకి వచ్చే రక్తనాళాలూ పక్కపక్కనే సాగడం వల్ల, దిగే నెత్తురు తన వేడిని ఎక్కే నెత్తురుకు అప్పగించేయడం మరొకటి. అందుకే చల్లని నీటిలో గంటల తరబడి నిలబడినా వాటి ఒంటి వేడి పాదాల గుండా కారిపోదు. అయితే ఆ బాతులే గూటికి కావలసినంత తడిని మోసుకొస్తాయి. దాణా నోట పెట్టుకుని నీటి దగ్గరికి పరుగెత్తడం, ముక్కు ముంచి చిందించడం వాటి పుట్టుక గుణం. కళ్ళూ ముక్కురంధ్రాలూ శుభ్రం చేసుకోవడానికి తల మునిగేటంత లోతైన నీరు వాటికి తప్పనిసరి కాబట్టి నీరు తగ్గించడం మార్గం కాదు. నేను నీటి తొట్టిని పగటి పూట ఆవరణ చివర, గులకరాళ్ళు పోసిన చోట పెట్టి, చీకటి పడగానే నీటితో పాటు దాణా కూడా తీసేస్తాను. నీరు లేకుండా పొడి దాణా తింటే బాతుకు గొంతులో అడ్డుపడవచ్చు, అందుకని రెండింటినీ కలిపే ఉంచాలి, కలిపే తీయాలి. కోళ్ళనూ బాతులనూ మొదట్లో ఒకే గూటిలో పడుకోబెట్టాను. ఒక్క నెలకే మధ్యలో గోడ కట్టాల్సి వచ్చింది.

శీతాకాలంలో గుడ్లు తగ్గిపోతే దాణాను నిందించనక్కరలేదు. పెట్ట నిండుగా గుడ్లు పెట్టడానికి రోజుకు 14 గంటల దాకా వెలుతురు కావాలి. పగలు కుంచించుకుపోయేసరికి అవి ఈకలు రాల్చి కొత్త ఈకలు తొడుక్కుంటాయి. ఈకలో ఉండేది చాలావరకు మాంసకృత్తే కాబట్టి, ఆ రోజుల్లో అది ఎక్కువగా ఉన్న మేత ఇస్తాను. కృత్రిమ వెలుతురు పెట్టదలచినవారు ఉదయం వేళ చేర్చడం మంచిది. సాయంత్రం దీపం చటుక్కున ఆరిపోతే దండెం ఎక్కని కోళ్ళు చీకట్లో చిక్కుకుపోతాయి. నేను మాత్రం పెట్టలేదు. ఆ రెండు నెలల విశ్రాంతి వాటికి దక్కనివ్వాలని నా మనసు చెబుతుంది.

పగటి వెలుతురు మళ్ళీ పెరగడం మొదలవగానే పొదిగించే గుడ్లను పోగుచేస్తాను. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు, నాలుగైదు ఆడ బాతులకు ఒక మగ బాతు ఉంటే గుడ్లలో జీవం పడటానికి ఢోకా ఉండదు. చలికి గుడ్లు చిట్లిపోకుండా రోజుకు మూడుసార్లు ఏరుకుని, మొన కిందికి ఉండేలా నిలబెట్టి, 13 నుంచి 18 డిగ్రీల మధ్య చల్లదనంలో దాచి, వారం దాటకుండా పొదగవేస్తాను. వారం దాటినకొద్దీ పిల్లలయ్యేవి తగ్గుతాయి. మురికి ఉందని గుడ్డును కడగడం పెద్ద తప్పు. పెంకు మీద సన్నని సహజమైన పొర ఒకటి ఉంటుంది. కడిగితే అది పోతుంది. పైగా నీరు చల్లగా ఉంటే లోపలి పదార్థం కుంచించుకుని, పెంకు రంధ్రాల గుండా ఆ మురికినే లోపలికి పీల్చుకుంటుంది. బాతులు నేల మీదే ఎక్కడపడితే అక్కడ గుడ్డు పెడతాయి కాబట్టి రాత్రి పడుకునే చోట పరుపు పొడిగా ఉంచడమే వాటి గుడ్లను శుభ్రంగా ఉంచే దారి.

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు, బాతు గుడ్డుకు 28 రోజులు, మస్కొవీ అనే రకం బాతు గుడ్డుకు 35 రోజులు పడుతుంది. ఫ్యాను ఉన్న ఇంక్యుబేటర్లో, అంటే గుడ్లు పొదిగే యంత్రంలో, వేడి 37.5 డిగ్రీలు ఉండాలి. ఇది అందరూ జాగ్రత్తగా చూసుకుంటారు. తేమను మాత్రం తేలికగా తీసుకుంటారు. పెంకుకు వేల కొద్దీ సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. పొదుగు సాగినన్ని రోజులూ వాటి గుండా గుడ్డులోని నీరు కొంచెం కొంచెంగా ఆవిరైపోవాలి, ఆ ఖాళీలో వెడల్పు కొన వైపు గాలి గది పెరగాలి. 60 గ్రాముల కోడిగుడ్డు 18వ రోజుకు సుమారు ఏడు గ్రాములు తగ్గాలి. తేమ మరీ ఎక్కువైతే గాలి గది చిన్నదై, లోపల ఉబ్బిన పిల్ల ఊపిరికి చోటు చాలక చనిపోతుంది. మరీ తక్కువైతే పొర ఆరి పిల్లకు అంటుకుంటుంది. మొదటి 18 రోజులు 45 నుంచి 50 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం తేమ ఉండేలా చూస్తాను. బాతు గుడ్లకు మొదటి నుంచీ కొంచెం ఎక్కువ కావాలి. మీటరు చెప్పే అంకె కన్నా చిన్న తక్కెడ చెప్పేదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. ప్రతి గుడ్డు మీద పెన్సిలుతో తొలి బరువు రాసి, వారానికొకసారి తూచి, తగ్గుదల ఎక్కువైతే నీళ్ళ గిన్నె పెద్దది చేస్తాను, తక్కువైతే తీసేస్తాను.

గుడ్లు తిప్పే పని రోజుకు మూడు నుంచి ఐదుసార్లు, కోడిగుడ్లకు 18వ రోజుతో, బాతు గుడ్లకు 25వ రోజుతో ఆగిపోవాలి. ఏడో రోజు రాత్రి దీపాలు ఆర్పేసి, టార్చి ముఖం మీద గుడ్డు పెట్టి చూడటం ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. ఎర్రటి వెలుగులో సాలీడు కాళ్ళలా చుట్టూ పరుచుకున్న నరాలు, వాటి నడుమ చిన్న నల్లటి మచ్చ కనిపిస్తాయి. చేయి కదలకుండా పట్టుకుని కాసేపు వేచి ఉంటే ఆ మచ్చ ఉన్నట్టుండి ఊగుతుంది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ పొదుగులో ఉన్న కోడిగుడ్లను పరిశీలించి, మూడు రోజులు గడిచాక నెత్తుటి చుక్కలాంటి గుండె కనిపిస్తుందనీ, అది ప్రాణమున్నదానిలా కొట్టుకుంటుందనీ రాశాడు. టార్చి పట్టుకున్న ప్రతిసారీ నాకు ఆ మాట గుర్తొస్తుంది. నరాలకు బదులు ఎర్రని ఉంగరం మాత్రమే కనిపిస్తే జీవం మొదలై ఆగిపోయినట్టు. అలాంటి వాటిని వెంటనే తీసేయాలి; మురిగి పగిలితే పక్క గుడ్లన్నీ పాడవుతాయి.

పొదుగుకు వచ్చిన పెట్ట దొరికితే నేను యంత్రం జోలికి పోను. తన గుడ్లు పది, పన్నెండు కప్పగల పెట్ట కింద బాతు గుడ్లు ఆరు ఏడింటికి మించి పెట్టకూడదు. అది రోజుకొకసారి లేచి, తిని, నీరు తాగి, ఇరవై నిమిషాలలో తిరిగి వస్తుంది. బాతు తల్లి అయితే నీటిలో మునిగి తడి ఒంటితోనే గుడ్ల మీదికి చేరుతుంది. కోడికి ఆ అలవాటు లేదు. అందుకని అది లేచిన సమయంలో బాతు గుడ్ల మీద గోరువెచ్చని నీరు నాలుగు చుక్కలు చిలకరిస్తాను.

పిల్ల ముందుగా లోపలి పొరను చీల్చి గాలి గదిలోకి ముక్కు పెట్టి తొలి ఊపిరి తీస్తుంది. అప్పుడే పెంకు లోపలి నుంచి కిచకిచ వినిపిస్తుంది. తరువాత పెంకుకు చిల్లు పడుతుంది, ఆ పైన ఏమీ జరగదు. కోడిపిల్ల అయితే 12 నుంచి 24 గంటలు, బాతుపిల్ల అయితే ఒక్కోసారి రెండు రోజులు అలాగే ఉండిపోతుంది. రెండో ఏడు ఆ నిరీక్షణ భరించలేక ఒక బాతు గుడ్డు పెంకును నేనే చిన్న చిన్న ముక్కలుగా ఒలిచాను. మూడో ముక్కకు పొర మీద నెత్తురు చిమ్మింది. రక్తనాళాలు ఇంకా ఎండలేదు, పచ్చసొన కడుపులోకి ఇంకా పూర్తిగా పోలేదు. ఆ పిల్ల సాయంత్రానికి చనిపోయింది. ఇంక్యుబేటర్ మూత తెరిచి చూసినందువల్ల తేమ పడిపోయి, పక్కనున్న మరో రెండు పిల్లలకు పొర ఆరి బిగుసుకుంది. ఆ నిశ్చలమైన గంటల్లోనే పిల్ల నెత్తురునూ సొననూ లోపలికి లాక్కుంటుందని తెలిసిన తరువాత, చివరి మూడు రోజులు నేను మూత మీద చేయి వేయలేదు. పుట్టిన పిల్లను ఆత్రంగా బయటికి తీయనక్కరలేదు. లోపలికి లాక్కున్న సొన దానికి రెండు రోజుల ఆహారం.

ఆరిన పిల్లలను బ్రూడర్‌లోకి, అంటే దీపంతో వెచ్చగా ఉంచే పెట్టెలోకి, మార్చాక మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు. పిల్లలు దీపం కింద గుంపుగా పోగైతే చలి, అంచులకు పారిపోతే వేడి, అక్కడక్కడా సర్దుకుని పడుకుంటే సరిపోయినట్టు. బాతుపిల్లలకు కోడిపిల్లల కన్నా నయాసిన్ అనే బి విటమిన్ ఎక్కువ కావాలి, లేకపోతే కాళ్ళు వంకరపోతాయి. అందుకని అది ఉండే బ్రూవర్స్ ఈస్ట్ అనే పొడిని దాణాలో కొంచెం కలుపుతాను. తల్లి బాతు రెక్కల కింద పెరిగే పిల్లలకు ఆమె ఈకల నూనె అంటుతుంది. యంత్రంలోనో కోడి కిందో పుట్టినవాటి నూగు నీటిని త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి, తొలి వారాల్లో వాటిని ఈత కొట్టనివ్వను. ముక్కు మునిగే లోతున్న గిన్నెకు రాళ్ళు వేసి, దాన్ని వల బిగించిన పళ్ళెం మీద పెడతాను. చిందిన నీరంతా వల కింది పళ్ళెంలోకి దిగుతుంది. రాత్రి పడుకునే ముందు ఆ పళ్ళెం పారబోసి, దాని పక్కన పరిచిన ఊకను పిడికెడు తీసి పిండి చూస్తాను.