మా ఊరి చెరువుకు నేను పెంచిన వయసు

మా ఊరి చెరువుకు దాదాపు ఏడు వందల ఏళ్లు అదనంగా అంటగట్టింది నేనే.

2012లో తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ తెరిస్తే మూడే వాక్యాలున్నాయి. పక్క ఊరి పేజీలో మాత్రం గుడి, జాతర, చివరికి మాజీ సర్పంచి ఫొటో కూడా. రోషం వచ్చింది. ఆ రాత్రే కూర్చుని బడి గురించి, గుడి గురించి రాసి, చెరువు దగ్గరకు వచ్చేసరికి ‘కాకతీయుల కాలంలో తవ్వించిన పెద్ద చెరువు’ అని రాసేశాను. నాకు చెప్పింది మా నాయనమ్మ. ఆమెకు ఎవరు చెప్పారో అడగలేదు. రామప్ప, పాఖాల, లక్నవరం నిజంగానే కాకతీయుల కాలానివి కాబట్టి, మా వైపు ఏ చెరువు కట్ట మీద నిలబడి ఆ మాట అన్నా కాదనేవాళ్లుండరు. వాక్యం చివర మూలం ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీశారు. పథకం పేరులోనే కాకతీయులున్నారు, ఇక అనుమానం ఎవరికొస్తుంది? ఒక పత్రిక జిల్లా అనుబంధంలో మా చెరువు మీద చిన్న కథనం వచ్చింది. అందులో నా వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. సిగ్గుపడాల్సింది పోయి, కత్తిరించి దాచుకున్నాను. కొన్నాళ్లకు ఎవరో పుణ్యాత్ములు వికీలో నా వాక్యం పక్కన ఆ కథనాన్నే మూలంగా చేర్చారు.

పోయిన వేసవిలో నీళ్లు అడుగంటినప్పుడు మా చిన్నాన్న తూము దగ్గరి రాయి చూపించాడు. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, ఉర్దూ మీడియంలో చదివినవాడు. రాయి మీద ఫసలీ 1327 అని ఉందట. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలన్నీ ఫసలీ అనే సంవత్సరాల లెక్కలోనే నడిచేవి. దానికి 590 కలిపితే మన లెక్కలో 1917. మరమ్మతు చేసినప్పుడు పెట్టిన రాయేమో అన్నాను, ఆశ చావక. ‘నయా తాలాబ్ అని ఉంది, అంటే కొత్త చెరువు, చదువుకో’ అన్నాడు. నాకు ఉర్దూ రాదని ఆయనకు తెలుసు.

ఇంటికి వచ్చి వాక్యం తీసేశాను. రెండో రోజుకల్లా మళ్లీ చేరింది. మూలం ఉన్న సమాచారాన్ని తొలగించవద్దని ఒక సభ్యుడు మర్యాదగానే రాశారు. రాయి ఫొటో చూపిస్తే, అది మౌలిక పరిశోధన (ఎక్కడా అచ్చుకాని సొంత పరిశోధన) కిందకు వస్తుంది, ఎక్కడైనా అచ్చయితే చెప్పండి అన్నారు. కోపం వచ్చింది కానీ ఆయనను తప్పుపట్టలేను. ఆ నియమం లేకపోతే ప్రతి కులసంఘమూ ఒక రాయి పట్టుకొస్తుంది.

అల్లరి రాతల గురించి నాకు పెద్ద బెంగ లేదు. 2022 ఆసియా కప్‌లో పాకిస్తాన్ మీద క్యాచ్ వదిలేసినందుకు అర్ష్‌దీప్ సింగ్ పేజీలో ఎవరో ఖలిస్తాన్ అని చేర్చారు; కొద్దిసేపట్లోనే తీసేశారు. బుద్ధిమంతుడిలా కూర్చున్న అబద్ధమే దొరకదు. 1640-41లో గోవాలోని బిచోలిం దగ్గర పోర్చుగీసువారికీ మరాఠాలకూ యుద్ధం జరిగిందని ఇంగ్లీషు వికీపీడియాలో 2007లో ఒక పెద్ద వ్యాసం వెలిసింది. దానికి ‘మంచి వ్యాసం’ అన్న గుర్తింపు కూడా ఇచ్చారు. 2012 చివరలో ఒకరు అందులోని మూలాలను వెతికితే ఆ పుస్తకాలే లేవు. యుద్ధమూ లేదు. అమెరికాలో ఒక విద్యార్థి 2008లో వికీపీడియాలో కోవాటీ అనే జంతువుకు ‘బ్రెజిల్ ఆర్డ్‌వార్క్’ అని సరదాకు పేరు పెడితే, బ్రిటన్ పత్రికలు వాడేశాయి, ఆ పత్రికలే తర్వాత మూలాలయ్యాయి. నాది అదే దారి. అతనిది సరదా, నాది ఊరి మీద ప్రేమ. చెరువుకు మాత్రం తేడా ఏమీ లేదు.

చివరికి నాకు ఉపయోగపడింది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే, ఆ పేజీలోని ‘చరిత్ర’ మీటే. నా దిద్దుబాటు తేదీ 2012, పత్రిక కథనం 2015. ఏది దేనికి తల్లో అక్కడే ఉంది. రెండు లింకులూ పెట్టి, ఆ సభ్యనామం నాదేనని ఒప్పుకుంటూ చర్చ పేజీలో రాశాను. మూడు వారాలైంది, జవాబు లేదు. అక్కడ అందరూ జీతం లేకుండా తీరిక వేళల్లో పనిచేసేవాళ్లే, తొందరపెట్టలేను.

నిన్న చిన్నాన్న ఫోన్ చేసి, ‘చెరువు ఇంకా కాకతీయులదేనా?’ అని అడిగాడు.

ఇంకా వాళ్లదే అన్నాను.